గేటు దాటని కారు

నాలుగోసారి తాళం తిప్పినా ఇంజిన్ మూలిగి ఊరుకుంది.

ఆ చప్పుడుకే కూతురు జడ సగంలో వదిలేసి బయటికొచ్చింది. వారం నడిపి చూసుకోమని తన దగ్గర వదిలిన మీగడరంగు పాత కారులో బ్రోకరు కూర్చున్నాడు. పక్కనే నాన్న.

"గడువు రేపటిదాకా ఉందిగా. ఈయనెందుకొచ్చారు?"

"నేనే పట్టుకుపొమ్మన్నాను," అన్నాడు నాన్న. "సరదాకి తిరగడానికైతే సరే. నువ్వు పశువుల డాక్టరువి. ఎక్కడ ఆవు ఈనలేకపోతున్నా అర్ధరాత్రి పరిగెత్తేదానివి. నీకంటే వయసులో పెద్దదైన కారు వేసుకుని రోజూ తిరుగుతావా? దారిలో ఆగిపోతే దిక్కెవరు? మీ అమ్మని అడుగు, ఆవిడదీ ఇదే మాట."

అమ్మ గుమ్మంలో గుప్పిలి మూసుకుని నిలబడి ఉంది.

"నన్నొక్క మాట అడగలేదే నాన్నా."

"అడిగితే వింటావా? చూడు, ఇంట్లోనే మొండికేసింది."

"నిన్నటిదాకా గుర్రంలా పరిగెత్తింది సార్. మేడమ్ ఏం చేశారో," అని సణుగుతూ బ్రోకరు దిగాడు.

ఆమెకు చుర్రుమంది. బానెట్ ఎత్తింది. వారంగా అందులో తలదూర్చి ఏ తీగ ఎక్కడికి పోతుందో నేర్చుకున్న మనిషి. డిస్ట్రిబ్యూటర్ మూత ఊడదీసింది. లోపల తిరిగే రోటర్ లేదు. బొటనవేలంత ముక్క, అది లేకపోతే ఇంజిన్‌లో నిప్పు రాజుకోదు.

"చెడిపోలేదు. ఎవరో ముక్క తీసేశారు."

"నన్నంటే ఊరుకోను," అంటూ బ్రోకరు లాక్కెళ్లే బండికి ఫోన్ చేయడానికి వీధిలోకి నడిచాడు.

"తీసుకుపోవడానికొచ్చినాయన తీయడు. నేను తీయలేదు. నాన్నకి బానెట్ ఎటు తెరుచుకుంటుందో కూడా తెలీదు."

"తెలుసు," అన్నాడు నాన్న చిన్నబుచ్చుకుని. "ముందువైపు."

కూతురు మెల్లగా గుమ్మం వైపు తిరిగింది. అమ్మ గుప్పిలి విప్పింది.

"రాత్రి మీరు ఫోన్లో కారు పట్టుకుపొమ్మనడం విన్నాను," అంది భర్తతో. "మా పుట్టింట్లో దొంగల భయానికి పడుకునేముందు కారులోంచి ఈ ముక్క పీకి దాచేవాళ్లం. పీకడం నా పని. నాకు కార్ల సంగతి తెలుసా అని మీరెప్పుడూ అడగలేదు."

అమ్మ రోటర్‌ని కూతురి చేతిలో పెట్టింది.

"ఆగిపోతే దిక్కెవరన్నారు. ఆగిపోయింది. జడ వేసుకోవడం కూడా పూర్తికాని పిల్ల నిమిషంలో కనిపెట్టింది. ఇంకెవరు కావాలండీ దానికి?"

నాన్న కూతురి నల్లబడిన వేళ్లకేసి చూశాడు. కళ్లు చెమర్చాయి.

"తప్పు నాదేనమ్మా. కొనాలో వద్దో నువ్వే చెప్పు."

"కొంటాను నాన్నా."

బ్రోకరు తిరిగొచ్చాడు. "బండి బయల్దేరింది సార్. ఇంతకీ ఆ ముక్క కొట్టేసిందెవరో తేలిందా?"

"ఆ బండిని వెనక్కి పొమ్మనండి. కారు మా అమ్మాయిది." నాన్న గొంతు సవరించుకుని, ఎదురింటివాళ్లకు కూడా వినబడేలా అన్నాడు:

"దొంగ మా ఆవిడేనండీ."