ఆగి ఆగి నడిచే లారీ

ఆదివారం పొద్దున్న ఆ ఇంట్లో మాస్టారమ్మగారి దుమ్ము దులిపే కార్యక్రమం మొదలైందంటే, కాలు కింద పెట్టడానికి ఎవరికీ జాగా ఉండదు. కిటికీ ఊచలు, గడియారం వెనక భాగం, ఫ్యాను రెక్కలు, చివరికి స్విచ్చుల అంచులు కూడా ఆవిడ తడిగుడ్డ నుంచి తప్పించుకోలేవు. “పనిమనిషి తుడిచేది నేల, నేను తుడిచేది ఇల్లు,” అంటుంది. ఆ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. మాస్టారికి అసలే లేదు.

మాస్టారంటే బడిపంతులు కాదు, కారు నేర్పే మాస్టారు. ఊళ్లో సగం మంది చేత మొదటిసారి స్టీరింగు పట్టించింది ఆయనే. ఏళ్ల తరబడి పక్కసీట్లో కూచుని, కాలికింద ఇంకో బ్రేకు పెట్టుకుని, వచ్చీరాని వాళ్ల చేతుల్లో తన ప్రాణం పెట్టి, ఒక్కరిమీద కూడా గొంతు పెంచకుండా నెట్టుకొచ్చిన మనిషి. డ్రైవింగ్ స్కూలు మూసేసి ఇంటిపట్టున ఉన్నాక పొద్దుపోక గోళ్లు గిల్లుకుంటుంటే, పాత శిష్యుడొకడు ఆయనకి కంప్యూటర్లో లారీ నడిపే ఆట అలవాటు చేశాడు. బల్లకి బిగించే చిన్న స్టీరింగు, కింద పెడల్సు. ఎక్కడెక్కడో స్థిరపడ్డ శిష్యులందరూ ఆదివారం పొద్దున్న ఇంటర్నెట్లో చేరతారు, ఒకరి వెనక ఒకరు వరసగా లారీలు కదిలిస్తారు. ముందు లారీ మాస్టారిది. హెడ్‌ఫోన్లో ఆయన “మలుపుంది, మెల్లగా” అంటే వెనక వరసంతా మెల్లబడేది. ఆ పెద్దమనిషి వారమంతా దానికోసమే ఎదురుచూసేవారు.

అలాంటిది, కొంతకాలంగా ఆ లారీ ఆగి ఆగి నడుస్తోంది. తిన్నగా పోతూ పోతూ స్క్రీను మీద బొమ్మ బిగుసుకుపోతుంది. మళ్లీ కదిలేసరికి లారీ రోడ్డు దిగి ఉంటుంది. ఒకసారి వంతెన గోడకి తగిలింది, ఇంకోసారి పక్కన వస్తున్న శిష్యుడి లారీకే తగిలింది. కిందటి వారం ఆ శిష్యుడు ఎంతో మర్యాదగా, “మాస్టారూ, ఈసారికి మీరు చివర్న రండి. ముందు నేను చూసుకుంటాను,” అన్నాడు. “అలాగే నాయనా,” అన్నారాయన. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టి, చాలాసేపు తన చేతులకేసి చూసుకుంటూ కూచున్నారు.

అప్పట్నుంచి మనిషి మారిపోయారు. కాఫీ కప్పు నిండా పోస్తే వద్దని సగమే తీసుకుంటున్నారు. ఇన్నేళ్లూ గడ్డం సొంతంగా గీసుకున్న మనిషి క్షౌరశాలకి పోతున్నారు. జేబులో రబ్బరు బంతి ఒకటి పెట్టుకుని, ఎవరూ చూడటం లేదనుకున్నప్పుడు పిసుకుతున్నారు. తన చేతులు పోయాయని ఆయన భయం. ఆ భయం పైకి చెప్పుకోలేరు, లోపల దాచుకోలేరు.

ఇదంతా కనిపెట్టింది కోడలు. రక్తపరీక్షల ల్యాబులో పని ఆమెది, వణికే చేతులు రోజూ చూస్తుంది. మామగారి చేతుల్లో ఆమెకి వణుకేమీ కనబడలేదు.

“మావయ్యా, ముసలిదైంది మీరు కాదు, ఆ కంప్యూటరు డబ్బా. మా ఆయన ఆఫీసువాళ్లు వద్దని పారేస్తే తెచ్చాం. అది లెక్కలు వేసుకోడానికి పనికొస్తుందేమో గానీ లారీలు లాగలేదు,” అంది.

అనడమే కాదు, శనివారం మామగారినీ ఆ డబ్బానీ వెంటబెట్టుకుని షాపుకి వెళ్లింది. షాపువాడు రంగురంగుల లైట్లు వెలిగే డబ్బా ఒకటి ముందు పెట్టి, “గేమింగ్ అంటే ఇదే మేడమ్,” అన్నాడు.

“లైట్లు ఎక్కువైతే లారీ వేగంగా పోతుందా నాయనా?” అన్నారు మాస్టారు.

షాపువాడు నవ్వేసి, స్క్రీను మీద బొమ్మని నడిపించే గ్రాఫిక్స్ కార్డుల్లో అన్నిటికంటే ఖరీదైనది తీశాడు. కోడలు ఒప్పుకోలేదు. “మా స్క్రీనుకి అది పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం. పైగా మా డబ్బాలో ఉన్న పవర్ సప్లై దాన్ని మొయ్యలేదు. మధ్యరకం కార్డు ఇవ్వండి చాలు. ర్యామ్ ఇంకొకటి వెయ్యండి. పాత హార్డ్‌డిస్కు తీసేసి చురుగ్గా పనిచేసే ఎస్సెస్‌డీ పెట్టండి. వైఫై గోడలు దాటి వచ్చేసరికి నీరసపడుతోంది, పొడుగాటి ఇంటర్నెట్ వైరు కూడా కావాలి,” అంది. చేతిలో ఏ కాగితమూ లేకుండా ఆమె అలా చెప్పుకుపోతుంటే మాస్టారు మురిసిపోయారు. అన్నీ బిగించాక షాపులోనే ఆట పెట్టి చూశారు. లారీ ఎక్కడా తొట్రుపడలేదు. ఇంటికి తెచ్చి బల్లమీద పెట్టి, వైర్లన్నీ కోడలే తగిలించింది. మాస్టారు మాత్రం ఆ సాయంత్రం ముట్టుకోలేదు. మర్నాడు శిష్యులతోనే మొదలుపెడతానన్నారు.

తెల్లారింది. కోడలికి ల్యాబులో పొద్దుటి డ్యూటీ, వెళ్లిపోయింది. మాస్టారమ్మ యథాప్రకారం తడిగుడ్డతో బయల్దేరింది. మాస్టారు స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకి కూచున్నట్టు కంప్యూటరు ముందు కూచున్నారు. వరస కదిలింది. మొదటి మలుపు దగ్గరే బొమ్మ బిగుసుకుపోయింది. కదిలింది, మళ్లీ బిగుసుకుంది. చూస్తుండగానే లారీ వెళ్లి పొలంలో పడింది.

కొడుకు గుమ్మంలో నిలబడి అంతా చూశాడు. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం అతనిది. గుద్దుకుని నుజ్జయిన కార్ల ఫొటోలు రోజూ చూసి చూసి, రోడ్డంటేనే గుండె జారిపోయే స్థితికి వచ్చాడు. మాస్టారు మనవరాలిని బడినుంచి తెచ్చే కారుకి బ్యాటరీ పోయిందని చెప్పి, దాన్ని ఇంటిముందు ఆపించింది కూడా అతనే.

“ఇంకా ఆగుతోందా నాన్నా?”

“ఆగుతోందిరా.”

“కార్డు కొత్తది, వైరు కొత్తది. షాపులో బాగానే ఉందన్నారు.” కొడుకు ఇంకేదో అనబోయి ఆగాడు.

“మాట మింగకు. చెప్పు.”

“ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఎన్నాళ్లు నాన్నా? మిషను మార్చేశాం. మీ వయసు మార్చలేం కదా.”

మాస్టారమ్మ చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. మాస్టారు హెడ్‌ఫోన్ తీసి, కుర్చీ కొడుకు వైపు తిప్పుకున్నారు.

“కారు బ్యాటరీ ఎప్పుడు బాగవుతుంది?”

కొడుకు తడబడ్డాడు. “మెకానిక్కు రావాలి. చెప్పాను వాడికి.”

“బ్యాటరీ పోయిన కారు తాళం నీ ఆఫీసు సంచిలో ఎందుకుంది?”

మాస్టారు కిటికీలోంచి కారు వైపు చూపించారు.

“దొంగల భయానికి పెట్టే ఎర్రలైటు కారులో రాత్రీ పగలూ మిణుకుమంటూనే ఉంది. బ్యాటరీ పోతే అది వెలుగుతుందా? ఎవరికి చెప్తున్నావురా ఈ కథ? జీవితమంతా కార్లతో వేగినవాడికా?”

“మరేం చెయ్యమంటారు?” కొడుకు గొంతు కూడా పెరిగింది. “పాపని బడినుంచి తెచ్చేది మీరు. ఆటలోనే లారీ పొలంలోకి పోతుంటే రోడ్డుమీద సంగతేంటి? ఆఫీసులో ఒక్కో ఫొటో చూస్తుంటే నాకు అన్నం దిగదు. మొహంమీద చెప్తే మీరు బాధపడతారని అలా అన్నాను.”

“నాదగ్గర నేర్చుకున్నవాళ్లు తప్పు చేస్తే తప్పని అక్కడే చెప్పాన్రా. బ్యాటరీ పోయిందని చెప్పి ఎవర్నీ ఇంటికి పంపలేదు.”  అంతలోనే ఆయన గొంతు తగ్గిపోయింది. “అయినా నువ్వన్నది నిజమేలే. నాకూ అదే అనిపిస్తోంది. చేతులు పోయాయి. ఈ కంప్యూటరు పాపకిచ్చేయండి, చదువుకుంటుంది.”

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.  ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఏదైనా వదిలేస్తానని అనడం మాస్టారమ్మ వినలేదు.

అప్పుడే కోడలు వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పింది. ముగ్గురి మొహాలూ చూసి, “ఏమైంది అత్తయ్యా?” అంది.

“ఏమవుతుంది? లారీ మళ్లీ ఆగిపోయింది. చేతులు పోయాయని ఈయన, వయసు పోయిందని వాడు. తండ్రీకొడుకులు కలిసి మనిషిని మూల కూచోబెట్టేస్తున్నారు. నిన్న షాపులో శుభ్రంగా నడిచిందన్నావు కదే. రాత్రికి రాత్రే చేతులు పోతాయా ఎవరికైనా?”

కోడలు ఆ మాట దగ్గర ఆగిపోయింది. “అవును కదా. నిన్నటినుంచి దీన్ని ఎవరైనా ముట్టుకున్నారా?”

“ఎవరు ముట్టుకుంటారు, నేను తప్ప?”

“అత్తయ్యా...”

“ఏంటా పిలుపు? తుడిచాను, అంతే. షాపు దుమ్మంతా దానిమీదే ఉంది. వైర్లన్నీ పీకి, వెనకంతా తుడిచి, మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేశాను. ఆ మాత్రం తెలీదా నాకు?”

కోడలు సంచి పక్కన పడేసి, బల్లకింద దూరి, ఫోను లైటు వేసి చూసింది. చూసి అక్కడే చతికిలబడింది.

“స్క్రీను వైరు కిందున్న కొత్త కార్డుకి పెట్టాలి అత్తయ్యా. మీరు పైన, పాత చోట పెట్టారు.”

“పైన కూడా అలాంటి చిల్లే ఉంది. వంగక్కర్లేకుండా చక్కగా పట్టింది. బొమ్మ కూడా వచ్చింది కదే.”

“బొమ్మ వస్తుంది. కానీ అక్కడ పెడితే కొత్త కార్డుకి పనుండదు. అది ఖాళీగా కూచుంటే, ఇంతసేపూ పాతదే ఆ బరువంతా లాగింది.”

  మాస్టారమ్మ కుర్చీలో కూలబడి, “నా తడిగుడ్డ తగలెయ్య,” అంది. “చేతులు పోయాయని మీరు ఏడుస్తుంటే పక్కనే నిలబడి చూశానండీ. నా చేతులే కదండీ చేసింది.”

“పోనీలేవే. అంత మాట పడింది నీ ఒక్కదాని వల్లే కాదు,” అన్నారాయన, కొడుకు వైపు చూడకుండా.

కోడలు వైరు మార్చి, మామగారి చేతిలో హెడ్‌ఫోన్ పెట్టింది. ఆయన కూచోనన్నారు. “ఒక్క మలుపు మావయ్యా, నాకోసం,” అంది. శిష్యులు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగి ఆయనకోసం చూస్తున్నారు. మాస్టారు పొలంలోంచి లారీ పైకి తీశారు. మలుపు తిరిగింది, వంతెన ఎక్కింది, దిగింది. బొమ్మ ఎక్కడా బిగుసుకోలేదు. ఇంకా నమ్మకం కుదరక మెల్లగానే పోతుంటే, హెడ్‌ఫోన్లోంచి ఎవరో అన్న మాట బయటికి కూడా వినబడింది. “మాస్టారూ, ముందుకి రండి. మీరు లేకపోతే ఎవడి స్పీడు వాడిదే అయిపోయింది ఇక్కడ.”

ఆయన ముందుకి వెళ్లారు. కొడుకు గుమ్మంలోనే కుక్కిన పేనులా నిలబడిపోయాడు. తండ్రి ఆట ముగించి లేచేసరికి, సంచిలోంచి కారు తాళం తీసి ఆయన ముందు పెట్టాడు.

“తప్పైపోయింది నాన్నా. మీ చేతులకేం కాలేదు.”

మాస్టారు తాళం ముట్టుకోలేదు. “పొద్దున్న కంప్యూటర్ని చూసి నేను చెడిపోయానన్నావు. ఇప్పుడు మళ్లీ కంప్యూటర్నే చూసి బాగున్నానంటున్నావు. నేను కారు నడుపుతుంటే ఈమధ్య ఎప్పుడైనా పక్కన కూచుని చూశావా?”

కొడుకు ఆలోచించాడు. తనకి కారు నడపడం వచ్చిన దగ్గర్నుంచి, ఇద్దరూ కలిసి వెళ్తే తనే నడుపుతాడు. తండ్రి నడిపేది తను లేనప్పుడే. “లేదు నాన్నా,” అన్నాడు.

“అయితే పద.”

మధ్యాహ్నం వీధులు ఖాళీగా ఉన్నాయి. మాస్టారు కారు తీసిన తీరు, గేరు మార్చిన తీరు, గుంతలు తప్పించిన తీరు చూస్తుంటే కొడుక్కి చిన్నప్పటి రోజులు గుర్తొచ్చాయి. నిజంగానే ఆ చేతులకి ఏమీ కాలేదు. కానీ కూడళ్ల దగ్గర అతని కాలు తనకి తెలియకుండానే నేలని నొక్కుతోంది, అక్కడ బ్రేకు లేకపోయినా. ఒకచోట ఎడమ సందులోంచి సైకిలు మీద ఒకాయన వచ్చాడు. కొడుకు నోరు తెరిచి, మళ్లీ మూసేశాడు.

మాస్టారు కారు ఓ పక్కకి తీసి ఆపారు. “చెప్పు.”

“బాగా నడిపారు నాన్నా.”

“బ్యాటరీ మాట కాదు. ఉన్న మాట చెప్పు.”

కొడుకు గొంతు సవరించుకున్నాడు. “మీరు ఎడమవైపు చూడటం లేదు. కూడలి దగ్గర ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సైకిలాయన ఆగబట్టి సరిపోయింది. మీరు ఆగలేదు.”

చెప్పేశాక భయం వేసింది. తండ్రి మొహం వంక చూడలేకపోయాడు. 

మాస్టారు మెల్లగా చెయ్యెత్తి మెడ తడుముకున్నారు. “ఇటు తిప్పితే పట్టేస్తోందిరా. చేతులు, చేతులు అని ఏడుస్తూ మెడ సంగతి పట్టించుకోలేదు. మీ ఆవిణ్ణి అడుగుదాం, మంచి డాక్టరెవరో చెప్తుంది. అది తగ్గేదాకా పాపని నువ్వే తీసుకురా.”

కొడుకు రెండు చేతులతో మొహం కప్పుకుని ఏడ్చేశాడు.

“తాళం దాచిననాడు రాని ఏడుపు ఇప్పుడెందుకురా?”

“ఈ మాట అప్పుడే అని ఉండాల్సింది నాన్నా. మీరు ఇలా వింటారనుకోలేదు.”

“వినడం నాకూ కష్టంగానే ఉంది. అయినా వింటాను. నువ్వు మాత్రం నా వెనకాల అనుకోకు, నా పక్కన కూచుని చెప్పు. ఇంటిదాకా చెప్తూనే ఉండు.”

మాస్టారు కారు కదిలించారు. కొడుకు కళ్లు తుడుచుకుని నిటారుగా కూచుని, రోడ్డుమీదే చూపు పెట్టాడు. మళ్లీ కూడలి వచ్చింది.

“నాన్నా, ఎడమ,” అన్నాడు.

మాస్టారు బ్రేకు మీద కాలు పెట్టి, మెడ తిరగకపోతే మనిషే పక్కకి తిరిగి, ఎడమవైపు నిదానంగా చూశారు.