వెనక తీగలు

గ్రాండ్ పియానోలో తీగ, దాన్ని మోసే చెక్క వంతెన దగ్గర అయిపోదు. అవతల బెత్తెడు ముక్క మిగులుతుంది. దాన్ని ఏ సుత్తీ కొట్టదు. ముందు భాగం మోగితే అది కూడా సన్నగా తోడు పలుకుతుంది. డూప్లెక్స్ అంటారు. దాన్ని కూడా శ్రుతి చేసేవాణ్ణి నెల్లూరు మొత్తానికి నేనొక్కణ్ణేనని నాకు కాస్త పొగరు.

వాకాడు అవతల సముద్రం ఒడ్డున నరేంద్రబాబు గారి ఇల్లు. రొయ్యల చెరువులున్న మనిషి. కూతురు బిందు రెండేళ్ల కిందట అలల్లో కొట్టుకుపోయింది. శవం దొరకలేదు. ఆ పిల్ల పియానోను ఒక చర్చికి ఇచ్చేస్తున్నారట, శ్రుతి చేయమని నాకు ఫోన్ చేశారు.

"కృపాదానం గారూ, వెనక తీగల్లో మోగకుండా ఎర్రగుడ్డ అల్లి ఉంటాది. దాన్ని మాత్రం తీయబాకండి. ఆ మోత వింటే మా ఆమె నిలవదు. రెండుసార్లు సముద్రంలోంచి లాక్కొచ్చినాను."

శ్రుతి లేని మోతను ఎవరు మాత్రం భరిస్తారు, సరిచేస్తే అదే పోతుందిలే అనుకున్నాను. నా బుద్ధి అట్లా ఏడిచింది.

మధ్యాహ్నం మూడింటికి వెళ్లాను. ఆయన చెరువుల మీద ఉన్నారు. భార్య రోజారమణి గారు టీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లారు. కరెంటు లేదు. గదినిండా ఉప్పుగాలి, ఎండురొయ్యల వాసన. గుడ్డ లాగేశాను. తీగల కింద ఇత్తడి పట్టీని కొంచెం కొంచెం జరుపుతూ, గోటితో మీటుతూ చెవి పెట్టాను.

చెయ్యి తీశాను.

మోగుతూనే ఉంది...

ఐదు స్వరాలు. నాలుగోది తప్పు. మళ్లీ ఐదు. మళ్లీ నాలుగోదే తప్పు. వేళ్లతో నొక్కే మెట్లు కదలడం లేదు. సుత్తులు కదలడం లేదు.

గుమ్మంలో రోజారమణి గారు. చేతులకి బియ్యప్పిండి.

"బిందుకి నాలుగోది ఎప్పుడూ తప్పేది," అన్నారు మెల్లగా. "పక్కన కూర్చొని నేనే దిద్దేదాన్ని."

"అమ్మా, అది గాలికి..."

"ఎవరో ఒకరు చెప్పాల గదా దానికి."

పెరటి తలుపు తీసుకొని వెళ్లిపోయారు. నేను ముందు ఆమె వెనక పరుగెత్తాల్సింది. గుడ్డ అల్లుతూ కూర్చున్నాను. ఒడ్డుకు చేరేసరికి నీళ్లవైపు పోయిన అడుగులే ఉన్నాయి.

పడవలు పొద్దుగూకే దాకా వెతికాయి. ఏమీ దొరకలేదు. నరేంద్రబాబు గారు నన్ను తిట్టి ఉంటే బాగుండేది. వచ్చి పియానో పక్కన కూలబడ్డారు.

మూత వేసే ఉంది. గుడ్డ అల్లినట్టే ఉంది.

లోపల మొదలైంది. ఒకటి... రెండు... మూడు... కాసేపు ఆగింది.

నాలుగోది తప్పలేదు.