ఊదా మూత సిరంజి

కరెంటు పోయింది!

డయాలసిస్ మెషిన్ కీచుమని ఆగిపోయింది. మధ్యాహ్నం రెండు గంటలు. అయినా కిటికీ లేని ఆ గదిలో కన్ను పొడుచుకున్నా ఏమీ కనిపించదు.

జనరేటర్ రావాలి... రాలేదు.

నర్స్ లిల్లీ తడుముకుంటూ పంపు పిడి పట్టుకుని చేత్తో తిప్పుతోంది. తిప్పడం ఆపితే గొట్టాల్లో రక్తం గడ్డకడుతుందని నేర్పారు.

ఇవాళ ఆమె భయం అది కాదు. అసలు గడ్డకట్టదేమోనని!

ఎడమ పిడికిట్లో చిన్న గాజు గొట్టం. అందులో మంచం మీదున్న బైరాగి రక్తం. తీసి అరగంటయింది. ఆరోగ్యంగా ఉన్న మనిషిదైతే పది నిమిషాల్లో పేరుకోవాలి.

బైరాగి భార్య జగ్గమ్మ టార్చి వేసింది. లిల్లీ గొట్టం వంచి చూసింది.

"ఏటమ్మా, పేరుకుందా?"

"లేదత్తా. నీళ్ళలా ఉంది."

బైరాగి ఖిదిర్‌పూర్ డాక్‌లో ఓడల దగ్గర మూటలు మోసే మనిషి. జ్వరం ముదిరి కిడ్నీలు రెండూ ఆగిపోయాయి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా అతనికి కొత్త మందు ఇస్తున్నారు. ఇంకా బజారులోకి రాలేదు. పరీక్షలో ఉంది. ఊదా మూత సిరంజిల్లో వస్తుంది.

ఆ మందు మీద ఇద్దరు పోయారు. కాగితాల్లో గుండెపోటు. లిల్లీ కళ్ళారా చూసింది మాత్రం చిగుళ్ళలోంచి కారిన రక్తం.

ఇప్పుడు బైరాగి ముక్కులోంచి సన్నగా...

రక్తమంతా అతని ఒంట్లోకి తిప్పేసి, గొట్టాలు మూసి, లిల్లీ మేడ మీదికి పరుగెత్తింది. ఫోన్ చేసింది. ఈ నర్సింగ్ హోమ్ డాక్టర్ శ్యామసుందర్ ఇంట్లోనే ఉన్నాడు.

"సార్, బైరాగికి రక్తం ఆగట్లేదు. మందు ఆపేస్తాను."

"ఆపొద్దు. ఇంకో సిరంజి ఇవ్వు."

"చచ్చిపోతాడు సార్."

"కంపెనీకి పదిమంది కావాలి లిల్లీ. తొమ్మిదిమంది అయ్యారు. పదోవాడు ఇతనే." గొంతులో విసుగు తప్ప ఏమీ లేదు. "సాయంత్రం వస్తాను. ఈలోగా ఇచ్చెయ్."

ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం దాకా టైముంది. సర్కారీ ఆసుపత్రి రెండు మైళ్ళు. అక్కడ రక్తం పరీక్ష చేస్తే గుట్టంతా బయటపడుతుంది. మనిషీ బతుకుతాడు.

కానీ ఇవాళ బంద్! టాక్సీ లేదు. బస్సు లేదు. అంబులెన్స్ డ్రైవరూ రాలేదు.

వెనక సందులో కూరగాయల తోపుడు బండి దొరికింది. జగ్గమ్మను దూదికి మందుల షాపుకి పంపి, వార్డు బాయ్ సాయంతో బైరాగిని దాని మీదికి చేర్చింది.

తోస్తున్నారు... ఇద్దరాడవాళ్ళూ. ఎండకి నెత్తి పేలిపోతోంది. రోడ్డంతా ఖాళీ. ట్రాము పట్టాల మీద పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు.

"సిస్టరమ్మా, ఇంక బయం నేదు. డాక్టరుబాబుకి కూడా సెప్పేసినాను," అంది జగ్గమ్మ.

లిల్లీ బండి ఆపేసింది.

"ఏం చెప్పావ్?"

"మందుల సాపులో పోను సేసినాను. పెద్దాసుపత్రికి ఎల్తన్నాం బాబూ, డాక్ వంతెన దారంట అని. ఇన్నాళ్ళు సూసినోడికి సెప్పకుండా ఎల్లిపోతే మరియాదా? ఊరు కాని ఊర్లో మన బాసలో మాటాడిన బాబు."

ఎక్కడికి వెళ్ళినా 'వెళ్ళొస్తాం' అని చెప్పందే గడప దాటని జాతి మనది. లిల్లీ మాత్రం ఆమెకు అసలు సంగతి చెప్పిందా? భయపడుతుందని దాచింది.

దూరంగా కారు చప్పుడు!

బంద్ రోజున ఒకే ఒక్క కారు...

"తొయ్యత్తా! గట్టిగా!"

వంతెన కనిపిస్తోంది. జెండాలు పట్టుకుని దారికడ్డంగా కూర్చున్న డాక్ కూలీలు కనిపిస్తున్నారు. ఇంకో యాభై గజాలు...

తెల్లకారు దూసుకొచ్చి బండికి అడ్డంగా ఆగింది. అద్దం మీద ఎర్ర క్రాస్. అది ఉంది గనకే ఎవరూ ఆపలేదు.

శ్యామసుందర్ దిగాడు. చేతిలో సిరంజి.

ఊదా మూత!

"భయపడకు జగ్గమ్మా. రక్తం ఆగడానికి ఇంజెక్షన్ తెచ్చాను."

"అబద్ధం అత్తా. అది చంపే మందు."

ఆయన లిల్లీ చెవి దగ్గరికి వంగాడు. "దారిలో వీడు పోతే నేరం నీదే. పేషెంట్‌ని ఎత్తుకెళ్ళింది నువ్వు."

జగ్గమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత మొగుడి చొక్కా చెయ్యి పైకి మడిచింది.

"నువ్వు నర్సమ్మవి, తల్లీ. ఆయన డాక్టరుబాబు."

అరిస్తే జగ్గమ్మ నమ్మదు. లాక్కుంటే ఆయన బలం ముందు నిలవలేదు. ఒక్కటే దారి ఉంది.

లిల్లీ తన చెయ్యి చాపింది.

"రక్తం ఆపే మందే కదా సార్. ముందు నాకివ్వండి."

డాక్టర్ ఒక్క క్షణం ఆగాడు. నవ్వాడు. ఆరోగ్యంగా ఉన్న పిల్ల... పైకి ఏం తెలుస్తుంది? సగం మందు ఆమె నరంలోకి ఎక్కించాడు.

"చూశావా జగ్గమ్మా? ఏమైనా అయిందా?"

ఏమీ కాలేదు.

లిల్లీ జేబులోంచి బ్లేడు తీసింది. కళ్ళు మూసుకుని అరచెయ్యి కోసుకుంది.

జగ్గమ్మ కెవ్వుమంది. దూది అద్దింది. నిమిషం... దూది తడిసి ముద్దయింది. పైట చెంగు నొక్కింది. ఐదు నిమిషాలు... చెంగు తడిసింది. రక్తం మోచేతి మీదుగా ట్రాము పట్టా మీదికి కారుతూనే ఉంది.

డాక్టర్ కారు వైపు ఒకడుగు వేశాడు.

"ఆగు." జగ్గమ్మ అడ్డం వచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని కూలీల వైపు కేకేసింది. "ఒరే గోయిందరాజూ! ఇలా రండ్రా!"

కెవ్వుమన్నప్పుడే లేచి నిలబడ్డ కూలీలు పరుగెత్తుకొచ్చారు. ముందున్న గోవిందరాజు బైరాగితో కలిసి మూటలు మోసినవాడు. డాక్టర్ చేతిలోంచి కారు తాళంచెవి ఊడిపడింది.

"ఈ బాబు మీతోనే ఉంటాడు. వొదలకండి. గోయిందరాజూ, నీకు బండి నడపడం వొచ్చుగదరా?"

"వొచ్చు అప్పా," అక్కని పిలిచినట్టే అన్నాడు.

"ఇయేళ ఎవలూ ఆపని బండి ఇదొక్కటే."

బైరాగిని వెనక సీట్లో పడుకోబెట్టారు. లిల్లీ కళ్ళ ముందు రోడ్డు తిరుగుతోంది. ఇద్దరిలో ఎవరి రక్తం ముందు ఆగుతుందో ఆమెకు తెలియదు.

"తొందరగా పోనీరా," అంటోంది జగ్గమ్మ. "ఇప్పుడు ఇద్దరున్నారు."