బిల్లు రాని బడిగదులు

ఆ ఉదయం రెబ్కా ఎప్పటిలాగే గోంగూర పప్పుకు తాలింపు పెట్టి రెండు క్యారేజీలు సర్దింది. ఆమె చేతులు కడుక్కుని వచ్చేసరికి భర్త జయపాల్ క్యారేజీ అక్కడే వదిలేసి బండి మీద వెళ్లిపోయాడు. చేతిలో పనేమీ లేని మనిషికి అంత పొద్దున్నే ఏం తొందరో ఆమెకు అర్థం కాలేదు. ఫోను చేసి అడుగుదామనుకుని మానేసింది. ఈ మధ్య ఇంట్లో ఏ మాట ఎత్తినా తిరిగి తిరిగి ఆ బిల్లు దగ్గరికే పోయి గొడవవుతోంది.

ప్రత్తిపాడు అవతల మిరప చేల మధ్య ఉన్న ఆ ఊళ్లో జయపాల్ చిన్న కాంట్రాక్టరు. రెండేళ్ల కిందట ఊరి బడికి రెండు గదులు కట్టాడు. ఆ తర్వాతే రెబ్కాకు అదే బడికి హెడ్మిస్ట్రెస్‌గా బదిలీ అయింది. గదుల్లో పిల్లలు కూర్చున్నారు, ఇంజనీరు కొలతలు తీసుకున్నాడు, బిల్లు కంప్యూటర్లోకి ఎక్కింది. ఎక్కి అక్కడే ఉండిపోయింది. ఏ ఆఫీసులో అడిగినా ఒకటే జవాబు. రాష్ట్రానికి వచ్చేదానికన్నా పోయేది ఎక్కువైంది, కొత్త అప్పు తెస్తే తప్ప జీతాలూ పింఛన్లూ పాత అప్పుల వడ్డీలూ గడవడం లేదు, అవన్నీ పోగా మిగిలితే కాంట్రాక్టర్లకు అన్నారు. మిగిలిన నెల ఇంతవరకూ రాలేదు. జయపాల్ అరెకరం చేను అమ్మి సిమెంటు కొట్టువాడి నోరు మూయించాడు. మేస్త్రీ నన్నే సాహెబ్‌కూ ఆయన మనుషులకూ ఇవ్వాల్సిన కూలి మాత్రం అలాగే ఉండిపోయింది.

రెబ్కా బడికి వెళ్లేసరికి పిల్లలంతా వరండాలో నిలబడి ఉన్నారు. కొత్త గదులు రెండింటికీ తాళాలు వేలాడుతున్నాయి. మెట్ల మీద ఆమె భర్త కూర్చుని ఉన్నాడు. దగ్గరికెళ్లి నెమ్మదిగా అడిగింది. బిల్లు పడిన రోజు తీస్తానన్నాడు, తలెత్తకుండానే. అప్పటికే ఎవరో ఫోనులో వీడియో తీసేశారు.

పది దాటాక మండల విద్యాధికారి వచ్చాడు. జయపాల్‌ను నాలుగు మాటలని ఇంటికి పంపేసి, రెబ్కాను పక్కకు పిలిచాడు. ఆయన చెడ్డవాడేం కాదు, తన డీఏ బకాయిల కోసం తనూ ఎదురుచూస్తున్నవాడే. కానీ తాళాలు పగలగొట్టించాలంటే పోలీసులు రావాలి, పోలీసులు రావాలంటే హెడ్మిస్ట్రెస్ ఫిర్యాదు ఇవ్వాలి. ఇవ్వకపోతే మొగుడితో కుమ్మక్కయిందంటారు, ముందు మెమో వస్తుంది, ఆ తర్వాత సస్పెన్షన్. మధ్యాహ్నం భోజనాలయ్యేలోపు తేల్చుకోమన్నాడు.

రెబ్కా ఇంటికి నడిచింది. జయపాల్ వంటింటి గుమ్మంలో చతికిలబడి ఉన్నాడు.

"మీ మీద ఫిర్యాదు రాయమంటున్నారు."

"రాయి."

"ఎంత తేలిగ్గా అంటున్నారండీ."

"నీకేం రెబ్కా. ఒకటో తారీఖు కాకపోతే పదికన్నా జీతం పడుద్ది. పెళ్లాం జీతం తిని తిరుగుతున్నాడని ఊళ్లో అంటంటే విననట్టు పోతన్నా నేను."

"ఆ మాట నేనెప్పుడన్నా అన్నానా?"

"అనలా. అసలేమీ అనలేదు నువ్వు. ఆ ఆఫీసుల చుట్టూ తిరుగుతంటే ఒక్కరోజన్నా నా పక్కన నిలబడ్డావా? బడి పేరెత్తొద్దు, నా ఉద్యోగానికి ఇబ్బంది అన్నావు."

అది నిజం. ఆయన గుంటూరు నుంచి మొహం వేలాడేసుకుని వచ్చిన ప్రతిసారీ ఆమె అన్నం వడ్డించిందేగానీ ఏమైందని అడగలేదు. అడిగితే తనూ అందులోకి దిగాల్సి వస్తుందని భయపడింది.

"రాకపోవడం నా తప్పే," అంది చివరికి. "కానీ ఆ పిల్లలేం చేశారు? ఎండ కాళ్ల మీద పడుతుంటే అర్ఫా కూడా ఆ వరండాలోనే కూర్చుంది."

అర్ఫా నన్నే సాహెబ్ మనవరాలు. ఆ పేరు వినగానే జయపాల్ మొహం తిప్పుకున్నాడు.

"ఆయన కోసమే గదా తాళం వేసింది," అన్నాడు. "ఎదురుపడితే ఏం చెప్పాలో తెలీక ఆ వీధిలోకే పోవడంలా."

భోజనాలయ్యాక బడిలో విద్యాధికారి తెల్లకాగితం ముందుకు జరిపాడు. రెబ్కా దాన్ని ముట్టుకోలేదు.

"తాళం వేయడం తప్పేనండి. కట్టించుకుని డబ్బు ఇవ్వకపోవడం కూడా తప్పే. రెండూ రాయనిస్తే సంతకం పెడతాను. ఒక్కటే రాయమంటే నావల్ల కాదు."

గేటు దగ్గర జయపాల్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో ఎవరూ చూడలేదు. నేరుగా వచ్చి రెండు తాళాలూ తీసి, పిల్లల కోసం తలుపులు బార్లా తెరిచాడు.

మెమో మాత్రం ఆగలేదు, రెండు రోజులకే వచ్చింది. రెబ్కా దానికి జవాబు రాసింది. సోమవారం సెలవు పెట్టి భర్త బండెక్కి గుంటూరు కలెక్టరాఫీసుకు వెళ్లింది. అర్జీల వరుసలో ఆయన పక్కనే నిలబడి, ఆ గదుల్లో రోజూ పాఠం చెప్పేది తనేనని పెద్ద గొంతుతో చెప్పింది. బిల్లు వరుసలో ఉంది, ఎప్పుడు పడుతుందో చెప్పలేం అన్నారు. ఆ మాట కొత్తది కాదు. అయినా తిరిగొచ్చేటప్పుడు జయపాల్ దారిపొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఊళ్లోకి రాగానే రెబ్కా బండిని మసీదు వీధిలోకి తిప్పమంది. ఆయన కాళ్లు ఆనించి చాలాసేపు ఆగాడు. తర్వాత తిప్పాడు.

నన్నే సాహెబ్ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. జయపాల్ నిలబడే, "బాబాయ్, ఇంకా పడలేదు..." అని మొదలుపెట్టాడు.

"పడలేదని నాకు తెలవదా అబ్బాయ్," అన్నాడు ముసలాయన. "మీ పిన్ని పోయిన రోజు ఈ అమ్మాయి ఒక్కతే వచ్చింది. నువ్వు ఊళ్లో లేవంది. ఉన్నావని నాకు తెలుసు. మట్టి వేయడానికన్నా వస్తావని అందరూ వెళ్లిపోయిందాకా గోరీ దగ్గరే నిలబడ్డా."

జయపాల్ అక్కడే నేల మీద కూలబడి, మంచం కోడు పట్టుకుని ఏడ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏడవడం రెబ్కా చూడలేదు. ముసలాయన భార్య పోయిన ఆ రోజు జయపాల్ ఇంట్లోనే ఉన్నాడని తెలిసీ అబద్ధం చెప్పి, అంతటితో పరువు నిలబెట్టాననుకున్న తన తెలివి గుర్తొచ్చి ఆమెకూ కళ్లు నిండాయి. వెళ్లి భర్త పక్కన నేల మీదే కూర్చుంది.

ముసలాయన జయపాల్ భుజం మీద చెయ్యి వేసి చాలాసేపు తీయలేదు. తర్వాత లోపలికి కేకేశాడు, టీ ముగ్గురికీ పెట్టమని.