దుబ్బవాగు వంతెన నక్షాలు

"నక్షాలు పోయినయి సార్! రేపు తప్పంత నా మెడకే చుట్టుకుంటది," అంటూ రాధాకిషన్ డిటెక్టివ్ సిద్ధిరాములు ముందు కూలబడ్డాడు.

ఆయన రిటైరైన ఇంజనీరు. టోలు కట్టి దాటే దుబ్బవాగు వంతెనకు నక్షాలు గీసిందాయనే. మొన్నటి వానలకు దాని పిల్లరొకటి కుంగింది. కాంట్రాక్టరు నాగేశం, స్వయానా ఆయన బామ్మర్ది, నక్షాల్లో ఉన్నంత లోతే తవ్వానంటున్నాడు. ఆఫీసు కాపీలు చెదలు తినేశాయి. మర్నాడే విచారణ.

"కాయితాలేనా?" సిద్ధిరాములు అడిగాడు.

"కాదు, ట్రేసింగ్ గుడ్డ. రాత్రి పెట్టెల సూసిన. ఇయాల పదిగంటలకు నాగేశం వచ్చిపోయినంక సూస్తే లెవ్వు."

దొంగ నాగేశమేనని అసిస్టెంటు దేవదాసు తేల్చేసుకున్నాడు. కానీ సిద్దిపేటలోని ఆ ఇంటికెళ్లి అడిగితే, నాగేశం ఒట్టి చేతులతో వెళ్లడం ఆయన భార్య సుశీలమ్మ, బాలింత కూతురు, అందరూ చూశామన్నారు. పెట్టె తాళం పగల్లేదు. దేవదాసుకు బుర్ర తిరిగిపోయింది.

పెరట్లో పనిమనిషి బాలవ్వ గొణుగుతోంది. "పసిపిల్ల గుడ్డలకు గంజి ఎవలు వెట్టిన్రో! ఎంత జాడిచ్చినా తెల్లనీళ్లే."

"ఎవలు నానవెట్టిన్రు?" సిద్ధిరాములు అడిగాడు.

"ఏమో! పొద్దుగాల నేనొచ్చెటాళ్లకే నానుతున్నయి."

సిద్ధిరాములు దండెం వైపు చూసి, నాగేశానికి కబురు పెట్టించాడు.

అందరూ చేరాక తడిగుడ్డ ఒకటి బల్లమీద పరిచాడు. మూలన వెలిసిపోయిన నల్లగీత, స్కేలు పెట్టి గీసినంత తిన్నగా ఉంది.

"ట్రేసింగ్ గుడ్డంటే గంజి పట్టించిన నూలుబట్టనే. ఉతికితే గంజితోపాటు సిరా పోతది, మెత్తటి గుడ్డ మిగుల్తది. బాలింత ఉన్న ఇంట్ల తెల్లగుడ్డలు ఆరేస్తే ఎవలు అనుమానపడ్తరు? నాగేశం రాకముందే ఇవి నానుతున్నయి. బాలింత మంచం దిగదు. మిగిలింది మీరే, సుశీలమ్మగారూ."

రాధాకిషన్ భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఈయనకైతే మాట వస్తది, గంతే. తమ్మునికైతే జైలే. ఏం జెయ్యాల్నో తెల్వలే."

ఎవరి మీద జాలిపడాలో దేవదాసుకు అర్థం కాలేదు.

నాగేశం తన అక్క మొహంలోకి చూడలేకపోయాడు. "బావా, సగం లోతే తవ్విన. రేపొచ్చి నేనే చెప్త."

"రేపటిదాంక ఎందుకు?" రాధాకిషన్ లేచాడు. "బస్సులు ఇంకా దాటుతనే ఉన్నయి. ముందుగాల అవ్విటిని ఆపుదాం, నడు."