పెళ్ళిలో అనకూడని మాటలు

"ముగిస్తున్నాను అనకపోతే, ముగించానని జనానికెలా తెలుస్తుందే?" అన్నాడు తొకుజి మూడోసారి.

"మీరు కూర్చుంటే తెలుస్తుంది," అంది ఫుమి, భర్త గిన్నెలో అన్నం పెడుతూ.

ఆదివారం కొడుకు కెన్‌గో పెళ్ళి. చివర్లో లేచి అతిథులకు కృతజ్ఞతలు చెప్పాల్సింది పెళ్ళికొడుకు తండ్రే. నలభై ఏళ్ళుగా జపాన్‌లోని కనజావాలో సోయా పాలతో తోఫూ చేస్తూ, కొనేవాళ్ళతో రెండు మాటలకు మించి మాట్లాడని మనిషికి వారంగా అన్నం సహించడం లేదు. పైగా అపశకునమని అక్కడి పెళ్ళిళ్ళలో ముగియడం, తెగడం, విడిపోవడం అన్న మాటలు నోట రాకూడదు. 'మళ్ళీ మళ్ళీ' అన్నా రెండో పెళ్ళి కోరినట్టే. వేడుక అయిపోయిందనడానికి కూడా 'తెరుస్తున్నాం' అనే అంటారు.

కూతురు చినత్సు తలెత్తకుండా సూప్ తాగుతోంది. ఆ ప్రసంగం రాసింది ఆమే.

రెండు నెలల క్రితం ఆ కాగితాన్ని పెళ్ళి హాల్లో మైకు పట్టి వేడుక నడిపే కిజిమాకి చూపించినప్పుడే గొడవ మొదలైంది. 'నాకు మాట్లాడటం రాదు, క్షమించండి' అన్న మొదటి వాక్యాన్ని అతను ఎర్ర సిరాతో కొట్టేశాడు. వచ్చినవాళ్ళు సర్దుకుని కూర్చోకముందే క్షమాపణ దేనికన్నాడు. తర్వాత ఆమె ప్రాణం పెట్టి రాసుకున్న వాక్యం దగ్గర ఆగాడు: 'ఆరేళ్ళప్పుడు మావాడు మొదటిసారి తోఫూ కోసిన రోజు.'

"కొయ్యడం అనకూడదండీ."

"మేం తోఫూవాళ్ళం. కొయ్యకుండా ఏం అమ్మమంటారు, నీళ్ళా?"

అతను నవ్వాడు. చినత్సుకి ఒళ్ళు మండింది. మండితే మండింది కానీ, మర్నాడు ఒకే ఒక్క కామా మార్చి ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళింది. ఆ తర్వాత వారానికో కామా.

మొన్న హాల్లో రిసెప్షన్ అమ్మాయి మాటల్లో అనేసింది, సోమవారం నుంచి కిజిమాకి నగోయా బదిలీ అని. అప్పటినుంచీ చినత్సు కోసే తోఫూ ఒక్కటీ తిన్నగా రావడం లేదు. అతను చెప్తాడా? చెప్పకుండానే వెళ్ళిపోతాడా?

శనివారం రిహార్సల్ అయ్యేసరికి వాన. కిజిమా గొడుగు పట్టి బస్‌స్టాప్ దాకా వచ్చాడు. ఆమె భుజం తడవలేదు కానీ అతని సగం కోటు నల్లబడింది.

"క్షమించండి, నాకిలాంటివి సరిగ్గా చెప్పడం..."

"క్షమాపణతో మొదలుపెట్టకూడదన్నారుగా."

అలవాటుగా అనేసింది. అతను నోరు మూసుకున్నాడు. అంతలో బస్సొచ్చింది. ఇంటిదాకా నాలుక కరుచుకుంటూనే ఉంది. చేతిలోని కాగితం చూస్తే, 'కోసిన' ఉన్నచోట ఎర్ర సిరాతో 'కత్తి పెట్టిన' అని దిద్ది ఉంది. పెళ్ళి కేకు కొయ్యడాన్ని అందరూ అనేది ఆ మాటతోనే.

ఆదివారం తొకుజి కాగితం పట్టుకుని లేచాడు.

"మావాడికి ఆరేళ్ళు. మొదటిసారి తోఫూకి కత్తి పెట్టాడు. వంకరపోయింది. ఆ ముక్క నేనే తిన్నాను. అంత రుచైన తోఫూ నేనింతవరకూ చెయ్యలేదు."

కెన్‌గో తల దించుకున్నాడు. తర్వాత వాక్యాలన్నీ గడిచి చివరికొచ్చేసరికి తొకుజికి మాట తట్టలేదు. తెరవాలన్నది ఒక్కటే గుర్తుంది.

"ఇక... దుకాణం తెరుస్తున్నాం. పొద్దున ఆరింటికే."

నవ్వులూ చప్పట్లూ ఒక్కసారి లేచాయి. వందల పెళ్ళిళ్ళు నడిపించిన కిజిమా కూడా మైకు పక్కకు తిప్పి నవ్వుతూ, తను చెప్పాల్సిన మాట మరిచిపోయాడు. అతని చూపు చినత్సు మీద ఆగింది. జనం లేస్తుండగా ఆమె నేరుగా అతని దగ్గరికి నడిచింది.

సాయంత్రం ఇంట్లో అందరూ టీ దగ్గర చేరారు. కొత్త కోడలు కూడా ఉంది.

"వచ్చే ఆదివారం కిజిమా గారు మీతో మాట్లాడ్డానికి వస్తారు," అంది చినత్సు, కప్పు కింద పెడుతూ. "పెళ్ళి చేసుకుందామని అడిగింది నేనే. వసంతంలో నేనూ నగోయా వెళ్తాను. దుకాణం అన్నయ్యా వదినా చూసుకుంటారు."

ఫుమి చేతిలో టీ కెటిల్ గాల్లోనే ఆగింది. తొకుజి టై వదులు చేసుకుంటూ కూతురి వైపు తిరిగాడు.

"పెళ్ళికూతురి తండ్రి ప్రసంగం చెయ్యక్కర్లేదుగా?"

"అక్కర్లేదు నాన్నా."

"అయితే రమ్మను."