చదవకుండా పలికిన ఆమెన్

ఉదయం ఎనిమిదవుతోంది. అమెరికాలో, షాంటిలీలోని ఆ టౌన్‌హౌస్‌లో కుక్కర్ మూడో విజిల్ వేసిందో లేదో, జ్ఞానప్రసూన స్టవ్ కట్టేసి, చున్నీ తలమీద కప్పుకుంటూ గబగబా బేస్‌మెంట్ మెట్లు దిగింది. ప్రార్థనకి ఆలస్యమైతే భర్త ధర్మారావు ఊరుకోడు మరి!

రెండేళ్ల కిందట, 2009లో, ఉద్యోగం ఊడిన రోజు ఇదే బేస్‌మెంట్‌లో మోకాళ్ల మీద పడి ఏడ్చిన మనిషి అతను. ఆ ఏడుపులోంచే, కుర్రాళ్లని కంపెనీల్లో సాఫ్ట్‌వేర్ పనికి కుదిర్చే ఈ చిన్న కన్సల్టెన్సీ పుట్టింది. బైబిల్లో విధవరాలి తొట్టిలో పిండి తరగని ఊరి పేరే పెట్టుకున్నారు, సారెపతు సిస్టమ్స్ అని. మొదటి రోజు ప్రసూన తన చేత్తో రాసి గోడకి అతికించిన కాగితం ఇంకా అక్కడే ఉంది. "అబద్ధం లేని రెజ్యూమె. ఆలస్యం లేని జీతం. ఆదివారం జోలికి రాని పని."

ఇంటర్వ్యూ ఉన్న రోజున ఆ రెజ్యూమెని బల్లమీద పెట్టి, అందరూ దానిమీద చెయ్యి వేసి ప్రార్థించడం వాళ్ల ఆనవాయితీ. ఇవాళ్టిది హాసినిది. మాస్టర్స్ పూర్తిచేసి వాళ్ల గెస్ట్ రూమ్‌లో ఉంటోంది. వీసా రూలు ప్రకారం తొంభై రోజుల్లోపు ఉద్యోగం దొరక్కపోతే ఇండియాకి వెళ్లిపోవాల్సిందే. ఇక మిగిలినవి పదకొండు రోజులు. హాసిని వాళ్లింట్లో అందరూ వెంకన్న భక్తులు. అయినా పాపం, రోజూ వచ్చి బుద్ధిగా కళ్లు మూసుకుని నిలబడుతుంది.

గంటన్నర ప్రార్థన ముగిసి, ఆమెన్ అని హాసిని పైకి వెళ్లగానే ధర్మారావు గొంతు తగ్గించాడు.

"ప్రసూనా, పదింటికి ఫోన్ ఇంటర్వ్యూ. నువ్వు అటెండ్ అవ్వాలి."

"నాకెందుకండీ ఇంటర్వ్యూ?"

"నీకు కాదు, హాసినికి. నువ్వు పదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశావు. ఫోన్‌లో మీ ఇద్దరి గొంతూ ఒకలాగే ఉంటుంది. తన పేరుతో అరగంట మాట్లాడెయ్, చాలు."

ఆమెకి ఒక్క క్షణం అర్థం కాలేదు. బల్లమీది రెజ్యూమె చేతిలోకి తీసుకుంది. నాలుగు పేజీలు! హైదరాబాదులో ఏదో బ్యాంకులో మూడేళ్ల అనుభవమట. ఆ పిల్ల బ్యాంకులోకి వెళ్లిందంటే పరీక్ష ఫీజు డీడీ తీయడానికే వెళ్లి ఉంటుంది!

"ఏంటిది?" అంది. గొంతు పెరిగింది.

"అరవకు. పైన వింటుంది."

"విననివ్వండి! అంటే తనకీ తెలియదా?"

"నేను చూసుకుంటానని చెప్పాను. నన్ను నమ్మింది."

"ఇదొక్కటేనా? ఇంకా ఉన్నాయా?"

"దేవుడి తోడు, ఇదే మొదటిది." ధర్మారావు కుర్చీలో కూలబడ్డాడు. "ఫణి గుర్తున్నాడా? వాడి రెజ్యూమెలో ఉన్నది ఉన్నట్టే రాశాం. ఒక్కరూ పిలవలేదు. ఇండియాకి తిరిగెళ్తూ ఎయిర్‌పోర్ట్ దాకా కార్‌లో ఏడుస్తూనే ఉన్నాడు. దిగేముందు ఏమన్నాడో తెలుసా? 'అంకుల్, మీ నిజాయితీ మీకు బాగానే ఉంది' అన్నాడు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వట్లేదే! ఇంకో పిల్లని అలా పంపలేను. మనది సేవ అనుకునే కదా ఈ బిజినెస్ పెట్టాం?"

ఆ మాటకి ప్రసూన కళ్లలో నీళ్లు తిరిగాయి. మనిషి చెడ్డవాడైతే తిట్టిపోసి ఊరుకునేది. జాలితో తప్పు చేసేవాణ్ని ఏం చేయాలి?

"సేవే! మరి ఆ దొంగ కాగితం మీద దేవుడి పేరెందుకు పెట్టారు? నా చెయ్యి ఎందుకు వేయించారు?"

మెట్ల మీద అలికిడైంది. హాసిని! ఎప్పుడొచ్చిందో, మొహం పాలిపోయి ఉంది. ప్రసూన చేతిలోంచి కాగితాలు తీసుకుని తిప్పి చూసింది.

"పైన నా పేరుంటే నాదే అనుకున్నాను ఆంటీ," అంది మెల్లగా. "మీ దగ్గరికి రాకముందు ఇంకో కన్సల్టెన్సీలో ఉన్నాను. వాళ్లూ ఇలాగే ఫేక్ పెడతామన్నారు. భయమేసి వచ్చేశాను. ఇక్కడ ఆ గోడమీది కాగితం చదివి, ఆ రోజే మా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, మంచివాళ్ల ఇంట్లో ఉన్నాను, భయపడకని."

ధర్మారావు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అంతదాకా ప్రసూన మాటలకి చలించని మనిషి, ఆ ఒక్క మాటకి భుజాలు కదిలేలా ఏడ్చాడు.

సరిగ్గా పదింటికి ఫోన్ మోగింది. ప్రసూన కదల్లేదు. ధర్మారావే కళ్లు తుడుచుకుని స్పీకర్ నొక్కాడు. మీకు పంపిన రెజ్యూమెలో అనుభవం నిజం కాదు, తప్పు నాది, ఆ అమ్మాయికి సంబంధం లేదు అని తడబడుతూ చెప్పాడు. అవతలి మేనేజర్, చెప్పినందుకు థాంక్స్, ఇకమీదట మీ దగ్గర నుంచి ఎవరినీ తీసుకోలేం అని పెట్టేశాడు.

"సారీ తల్లీ," అన్నాడు ధర్మారావు.

హాసిని ఏడుస్తూనే తలూపింది. "ఇంకా పదకొండు రోజులున్నాయి కదా అంకుల్."

ప్రసూనకి అప్పుడు తట్టింది. భర్తని కడిగేసింది సరే, తను చేసిందేమిటి? పొద్దున్న నాలుగు పేజీల మీద చెయ్యి వేసి, ఒక్క అక్షరం చూడకుండా, పైన సగంలో ఆపిన వంట తొందరలో ఆమెన్ అంది. ఇన్నాళ్లూ ఎన్నిటికి అలా అందో!

"నాదీ తప్పేనండీ," అంది.

మధ్యాహ్నానికి ముగ్గురూ కూర్చుని కొత్త రెజ్యూమె తయారుచేశారు. చదువు, ఒక ప్రాజెక్టు, యూనివర్సిటీ లైబ్రరీలో చేసిన పార్ట్‌టైమ్ పని. అంతే, ఒక్క పేజీ. బల్లమీద పెట్టాక ధర్మారావు అలవాటుగా చెయ్యి చాపాడు. ప్రసూన ఆపింది.

"ముందు చదవండి. పైకి చదవండి."

చదివాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ముగ్గురూ దానిమీద చెయ్యి వేశారు. ఎప్పుడూ గంటలకొద్దీ ప్రార్థించే మనిషికి ఆ వేళ ఒక్క మాటా రాలేదు. ఆమె అతని చేతిమీద తన చెయ్యి వేసి, ఆ ఆమెన్ కోసం ఎదురుచూసింది.